కన్ను నులిమే అలవాటు, కార్నియా వైద్యం: చూలై పరిసరాల నుంచి ఒక పరిశీలన

కంటి నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీని పేరు శుక్లపటలం. అడ్డంగా సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది, మధ్యలో మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ఇందులో రక్తనాళాలు లేవు. నాడుల కొసలు మాత్రం ఒంట్లో మరెక్కడా లేనంత దట్టంగా ఉంటాయి, అందుకే చిన్న నలుసు పడినా ప్రాణం విలవిల్లాడుతుంది. కంట్లోకి వచ్చే వెలుగును వంచి రెటీనా మీద పడేట్టు చేసే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ పొరదే. దీని మీద మచ్చ పడితే మన ఊళ్లలో ‘కంట్లో పువ్వు వేసింది’ అంటారు.

కార్నియా జబ్బుల్లో కొన్నిటిని పుట్టించేదీ, చాలావాటిని ముదరబెట్టేదీ రోగి సొంత చేయే. పదేపదే కళ్లు నులమడం, కంటి మూలనుంచి పుసి తీగలు లాగడం, రెప్పల వెంట్రుకలు పీకడం, మురికి అంటిందన్న భయంతో కళ్లను మళ్లీ మళ్లీ కడగడం, చుక్కల మందును లెక్కలేకుండా వేసుకోవడం వంటివి ఇందులోకి వస్తాయి. మానుకోవాలని మనసారా అనుకున్నా మానుకోలేని ఇలాంటి పనులను వైద్యులు కంపల్సివ్ ప్రవర్తనలు అంటారు. ఇవి ఉన్న మనిషి కార్నియాకు చేసే వైద్యం మామూలు కంటి వైద్యానికి భిన్నంగా సాగాలి. శస్త్రచికిత్స ఎంత నేర్పుగా చేసినా, ఇంటికి వెళ్లాక ఆ చేయి కంటిమీదికి పోతే కుట్లు తెగుతాయి. మాన్పించాల్సింది కంటినీ చేతినీ కలిపి అన్నదే ఈ రంగంలో పనిచేసేవారు నేర్చుకున్న మొదటి పాఠం.

చూలైకి అటూ ఇటూ

చెన్నైలో వేపేరి, పురసవాక్కం, పెరియమేడు పేటల మధ్య ఉంది చూలై. తమిళులతో పాటు తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు, రాజస్థాన్ నుంచి వచ్చిన వ్యాపార కుటుంబాలు ఈ చుట్టుపక్కల కలిసి బతుకుతున్నాయి. ఈ పేటనుంచి దక్షిణంగా వెళితే ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి, పడమరగా వెళితే కీల్పాక్ మానసిక ఆరోగ్య సంస్థ. రెండూ మూడు కిలోమీటర్ల లోపే. దేశంలో కంటి వైద్యానికీ మనోవైద్యానికీ పుట్టిళ్లనదగ్గ రెండు సంస్థలు ఇంత దగ్గరగా ఉన్న చోట్లు అరుదు.

ఎగ్మూరు ఆసుపత్రిని ఈస్టిండియా కంపెనీ 1819లో మద్రాస్ ఐ ఇన్ఫర్మరీ పేరుతో నెలకొల్పింది. లండన్ మూర్‌ఫీల్డ్స్ తరువాత ప్రపంచంలో అతి పాత కంటి ఆసుపత్రి ఇదేనని చెబుతారు. 1880లలో ఇప్పటి ఎగ్మూరు స్థలానికి వచ్చింది. నీటికాసుల జబ్బుకు ట్రెఫైన్ శస్త్రచికిత్సను ప్రచారంలోకి తెచ్చిన రాబర్ట్ హెన్రీ ఎలియట్ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఇక్కడే పనిచేశాడు. కార్నియా చరిత్రలో అంతకంటే పెద్ద పేరు డాక్టర్ ఆర్.ఇ.ఎస్. ముత్తయ్యది. దేశంలో తొలి నేత్రనిధిని ఆయన 1945లో ఈ ఆసుపత్రిలోనే ప్రారంభించారు. తొలి కార్నియా మార్పిడి చేసింది కూడా ఆయనే, 1948లో. ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో ఉన్న ఒలొమోట్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ 1905లో ప్రపంచంలో మొదటిసారి మనిషికి కార్నియా మార్పిడి చేసి విజయం సాధించాడు. ఆ విద్య మద్రాసు చేరడానికి నాలుగు దశాబ్దాలు పట్టిందన్నమాట.

కీల్పాక్ సంస్థ చరిత్ర ఇంకా పాతది. వాలెంటైన్ కొనోలీ అనే వైద్యుడు 1794లో చూలై పక్కనే ఉన్న పురసవాక్కంలో మతిచలించినవారి కోసం ఒక ఆశ్రయం తెరిచాడు. అదే 1871లో కీల్పాక్‌కు మారింది. దేశంలో తొలి మహిళా మనోవైద్యురాలిగా పేరున్న డాక్టర్ శారదా మీనన్ 1961 నుంచి 1978 దాకా దాన్ని నడిపారు. తాళం వేసిన వార్డుల ఆసుపత్రిని, రోగి వచ్చి చూపించుకుని ఇంటికి వెళ్లగలిగే చోటుగా మార్చడంలో ఆమె శ్రమ ఎంతో ఉంది.

రెండు సంస్థలూ తమ తమ దారిన పెరిగాయి. కన్ను చూసే వైద్యుడికి కన్ను, మనసు చూసే వైద్యుడికి మనసు. కంపల్సివ్‌గా కన్ను నులిమే రోగి ఈ పంపకానికి లొంగడు. అతని జబ్బు రెండు చోట్లా సగం సగం ఉంటుంది. రెండు చీటీలను ఒకచోట పెట్టి చదివే వైద్యుడు దొరికితేనే ఆ రోగి బాగుపడతాడు.

శంకువుగా సాగే కార్నియా

ఈ అలవాటుతో గట్టిగా ముడిపడిన జబ్బు కెరటోకోనస్. 1854లో బ్రిటిష్ వైద్యుడు జాన్ నాటింగ్‌హామ్ దీన్ని వివరంగా వర్ణించాడు. ఇందులో కార్నియా మధ్యభాగం పలుచబడి, లోపలి ఒత్తిడికి తట్టుకోలేక ముందుకు శంకువులా పొడుచుకు వస్తుంది. సాధారణంగా పది పన్నెండేళ్ల తరువాత మొదలై ముప్పై, నలభై ఏళ్లదాకా ముదురుతుంది. అద్దాల నంబరు ఆర్నెల్లకోసారి మారడం, అడ్డసైటు (సిలిండర్ నంబరు) పెరిగిపోవడం, రాత్రిపూట ఒక దీపం రెండు మూడుగా, తోకలతో కనిపించడం తొలి సూచనలు. ముదిరాక రోగి కిందికి చూసినప్పుడు శంకువు కొస కింది రెప్పను ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా వంచుతుంది. దాన్ని మన్సన్ గుర్తు అంటారు.

ఇది ఎంతమందికి ఉంది? అమెరికాలోని మిన్నెసోటాలో 1986లో వెలువడిన పాత లెక్క ప్రకారం లక్షకు సుమారు 54 మంది. మధ్యభారత గ్రామాల్లో జరిపి 2009లో ప్రచురించిన సర్వే 2.3 శాతమని తేల్చింది. ఆ సర్వేలో జబ్బును నిర్ణయించింది కార్నియా వంపు కొలతను బట్టి మాత్రమే కాబట్టి అంకె కొంత ఎక్కువై ఉండవచ్చు. అయినా మన దేశంలో ఇది అరుదైన జబ్బు కాదనీ, చిన్న వయసులోనే ముదిరిన స్థితిలో వస్తుందనీ కార్నియా వైద్యులందరి అనుభవం.

నులమడమే కారణమా, లేక కార్నియా పుట్టుకతోనే బలహీనమా అన్న వాదన ఇంకా తెగలేదు. పారిస్ వైద్యుడు దమియాఁ గాతినెల్ నులమడం లేనిదే ఈ జబ్బు లేదని గట్టిగా వాదిస్తాడు. ఒక కన్నే నులిమే అలవాటున్నవారికి ఆ కంటికే జబ్బు రావడం, నులమడం ఆపాక ముదరడం ఆగిపోవడం ఆయన చూపే సాక్ష్యాలు. మరోవైపు కుటుంబాల్లో వరుసగా రావడం, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఎక్కువగా కనిపించడం జన్యువుల పాత్రను చెబుతున్నాయి. ఇజ్రాయెల్‌లో జరిగిన అధ్యయనాలు తల్లిదండ్రులు రక్తసంబంధీకులైతే పిల్లలకు ముప్పు ఎక్కువని చూపాయి. మేనరికాలు ఇంకా సాగుతున్న తెలుగు, తమిళ కుటుంబాలు చెవిన వేసుకోవలసిన మాట ఇది. బలహీనమైన పొర పుట్టుకతో వస్తుంది, దాన్ని సాగదీసేది చేయి అని రెండు వాదాలనూ కలిపి చూడటమే ఇప్పటికి సబబైన దారి. వైద్యం చేసేవాడికి ఈ తగవు తీరేదాకా ఆగే పని లేదు. జన్యువును మార్చలేం, చేతిని ఆపగలం.

నులిమినప్పుడు కంట్లో ఏం జరుగుతుంది? కంటి లోపలి ఒత్తిడి ఆ క్షణంలో కొన్ని రెట్లు పెరుగుతుంది. పై పొర కణాలు చెదిరి పలుచబడతాయి. కన్నీటిలో వాపు కలిగించే రసాయనాలు, కొలాజెన్ పోగులను కొరికే ఎంజైములు పెరుగుతాయని పరీక్షల్లో తేలింది. దురదకు కారణమైన మాస్ట్ కణాలు నలిగి మరింత హిస్టమిన్ వదులుతాయి. దాంతో దురద పెరుగుతుంది, చేయి మళ్లీ కంటికే వెళుతుంది. పిడికిలి బిగించి వేళ్ల కణుపులతో రుద్దడం అన్నిటికంటే చెడ్డది.

ఒక్కొక్కసారి కార్నియా వెనక ఉండే డెసెమే పొర చిట్లి, లోపలి నీరు కార్నియాలోకి చొరబడుతుంది. రాత్రికి రాత్రే కన్ను తెల్లబడుతుంది, భరించలేని నొప్పి, చూపు పోతుంది. దీన్ని హైడ్రాప్స్ అంటారు. గట్టిగా నులిమేవారిలో ఇది ఎక్కువ. ఉప్పు సాంద్రత ఎక్కువున్న చుక్కలు, కంట్లోకి వాయువు బుడగ ఎక్కించడం వంటి చికిత్సలతో రెండు నుంచి నాలుగు నెలల్లో తగ్గుతుంది. మచ్చ మాత్రం మిగులుతుంది.

ఎవరు, ఎందుకు నులుముతారు

అందరినీ ఒకే గాటన కట్టి ‘చెడ్డ అలవాటు’ అనేస్తే వైద్యం మొదటి అడుగులోనే తప్పిపోతుంది. బయటికి ఒకేలా కనిపించే చేతి కదలిక వెనక వేరువేరు కారణాలుంటాయి.

మన ఎండలో, దుమ్ములో ఎక్కువమందికి మూలం అలర్జీ. ముఖ్యంగా మగపిల్లల్లో వచ్చే వెర్నల్ కంజంక్టివైటిస్‌లో దురద ఎంత తీవ్రంగా ఉంటుందంటే, పిల్లవాడు నిద్రలో కూడా రుద్దుకుంటాడు. దీనికి ముందు దురదే తగ్గాలి. ఒలోపటడిన్ వంటి చుక్కలు, జబ్బు మొండిదైతే సైక్లోస్పోరిన్ చుక్కలు, టాక్రోలిమస్ లేపనం వాడతారు. స్టెరాయిడ్ చుక్కలు గంటల్లో హాయినిస్తాయి. అందుకే కుటుంబాలు పాత చీటీ చూపించి మందుల షాపులో ఏళ్లతరబడి కొంటూనే ఉంటాయి. ఆ చుక్కలు పిల్లల కంట్లో నీటికాసులు తెచ్చి, తిరిగిరాని చూపును పట్టుకుపోతాయి. స్టెరాయిడ్ చుక్కలను వైద్యుడు చెప్పిన రోజులకు మించి ఒక్క రోజు కూడా వేయకూడదు.

దురద తగ్గినా చేయి ఆగకపోతే అది అలవాటుగా స్థిరపడిందన్నమాట. చదువు ఒత్తిడి, నిద్రలేమి, ఫోను ముందు గంటలు, అద్దాలు తీసిన వెంటనే రుద్దుకోవడం ఇక్కడ కనిపించే సందర్భాలు. కన్ను నొక్కితే గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఈ నాడీ ప్రతిచర్యను 1908లో అష్‌నర్, దాన్యీని అనే వైద్యులు గుర్తించారు. నులమడంలో దొరికే తేలికదనానికి ఇది కొంత కారణం కావచ్చు.

అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అంటే ఓసీడీ, వేరే జాతి. మన ఇళ్లలో దీన్ని చాదస్తమనీ, మడి పిచ్చి అనీ తేలిగ్గా తీసేస్తారు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో దాదాపు 0.8 శాతం దీనితో బాధపడుతున్నారు. కంట్లో ఏదో ఉండిపోయిందన్న ఆలోచన వదలదు. కడుగుతారు, రుద్దుతారు, అద్దంలో చూసుకుంటారు. క్షణం తెరిపి, మళ్లీ అదే ఆలోచన. టూరెట్ సిండ్రోమ్‌లో కన్ను నులమడం ఒక టిక్‌గా వస్తుంది. ముందు కంటి చుట్టూ చెప్పలేని అసౌకర్యం, చేస్తేగాని తీరని తహతహ. ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్లో అది ఇంద్రియానుభూతి కోసం జరగవచ్చు. పుట్టుకతో చూపులేని పిల్లలు కంటిని వేలితో నొక్కి, రెటీనా మీద పుట్టే మెరుపులను అనుభవిస్తారు. పుట్టుకతో చూపును దెబ్బతీసే లెబర్ జబ్బు ఉన్న పిల్లల్లో ఈ నొక్కుడు, కెరటోకోనస్ రెండూ ఎక్కువగా కనిపిస్తాయి. తీవ్రమైన సైకోసిస్‌లో కంటికి హాని చేసుకోవాలన్న ప్రేరణ పుట్టడం అరుదు. పుడితే మాత్రం అది అత్యవసర పరిస్థితి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

నులమడంతో ఆగని హాని

కంటిలోని జిగురును తీగలా లాగే అలవాటుకు 1985లో అమెరికన్ వైద్యులు ‘మ్యూకస్ ఫిషింగ్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. లాగినప్పుడల్లా పొర గీసుకుని మరింత జిగురు ఊరుతుంది. దాన్ని మళ్లీ లాగుతారు. కారణం చెప్పి, చేయి ఆపించగలిగితే కొద్ది వారాల్లో కన్ను తెల్లబడుతుంది. ట్రైకోటిల్లోమేనియా ఉన్నవారు రెప్పవెంట్రుకలు పీకినప్పుడు మొండి మొలకలు వంకరగా పెరిగి కార్నియాను గీరుతాయి. ఆ గరగర మళ్లీ పీకమంటుంది.

చుక్కల మందు అతిగా వేసుకునేవారికి అందులో నిల్వ కోసం కలిపే బెంజాల్కోనియం క్లోరైడే విషమవుతుంది. అంతకంటే ప్రమాదకరం, కన్ను మొద్దుబార్చే ప్రొపరకైన్ చుక్కలు ఇంట్లో వాడటం. నొప్పి తెలియదు, పుండు మానదు, కార్నియా చుట్టూ ఉంగరంలా కరిగిపోతుంది. ఈ సీసా ఏ రోగి చేతికీ ఇవ్వకూడదు.

ఆటిజం ఉన్న పిల్లల్లో మరొక దారి ఉంది. కొందరు ఒకటి రెండు పదార్థాలు తప్ప మరేదీ ముట్టరు. ఆ తిండిలో ఎ విటమిన్ లేకపోతే మొదట రేచీకటి, ఆపైన కన్ను ఎండిపోవడం, చివరికి కార్నియా మెత్తబడి కరిగిపోవడం దాకా వెళ్లిన ఉదాహరణలు సంపన్న దేశాల వైద్య పత్రికల్లోనూ ఉన్నాయి. పిల్లవాడు కన్ను రుద్దుతున్నాడని తీసుకొస్తే ఏం తింటున్నాడని అడగడం కంటి వైద్యుడి పనే.

ఇక సూక్ష్మజీవుల పుండ్లు. తమిళనాడులో, తెలుగు నేలమీద కార్నియా పుండ్లలో ఫంగస్ వాటా పెద్దది. దీనికి నాటమైసిన్ చుక్కలు మొదట్లో గంటకొకసారి వేయాలి. శుభ్రత భయం ఉన్న రోగికి ప్రతి చుక్కకూ ముందు చేతులు కడిగే తంతు ఉంటుంది. సీసా మూతి ఎక్కడో తగిలిందన్న అనుమానంతో చుక్క వేయడమే మానేస్తాడు, లేదా రోజుకో సీసా పారేస్తాడు. మందు పనిచేయడం లేదని వైద్యుడు అనుకుంటాడు. అసలు మందు కంట్లో పడటమే లేదు. ఇలాంటివారిని ఆసుపత్రిలో చేర్చుకుని, నర్సు చేత చుక్కలు వేయించడమే మంచిది.

పరీక్ష గదిలో అడగవలసినవి

స్లిట్ ల్యాంప్ ముందు గడ్డం పెట్టించడానికి ముందే రోగి చేతులు చూడాలి. ఎక్కువగా కడగడంతో పగిలిన చర్మం, కణుపుల మీద కాయలు, పలుచబడిన కనుబొమ్మలు చాలా చెబుతాయి. ‘నులుముతావా?’ అని అడిగితే ‘లేదండీ’ అనే జవాబే వస్తుంది. ‘ఎలా నులుముతావో ఒకసారి గాలిలో చూపించు’ అంటే చేయి దానంతటదే తన దారి చూపిస్తుంది. ఏ వేలితో, ఏ కంటిని, ఏ వేళలో, ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో రాసుకోవాలి. దిండులోకి ముఖం అదిమి పడుకోవడం కూడా నులమడంతో సమానమే. ఇంట్లోవారిని విడిగా అడగడం అవసరం. కార్నియా వంపును కొలిచే టోపోగ్రఫీ యంత్రం శంకువు ఎక్కడుందో చూపిస్తుంది, అది ఎందుకు పెరుగుతోందో చెప్పదు.

చేతికి చేసే చికిత్స

నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ 1973లో ప్రతిపాదించిన హ్యాబిట్ రివర్సల్ పద్ధతి ఈ రంగంలో బాగా పనికొస్తుంది. మొదట రోగి తన చేయి ఎప్పుడు లేస్తోందో గుర్తించడం నేర్చుకుంటాడు. చాలామందికి అది కంటిని తాకాకగాని తెలియదు. రెండో మెట్టు, చేయి లేచిన క్షణంలో దానికి పొసగని మరో పని చేయడం: పిడికిలి బిగించి ఒక నిమిషం ఒళ్లో పెట్టుకోవడం, రెండు చేతులూ కట్టుకోవడం. దురద ఉంటే మూసిన రెప్పల మీద చల్లని తడిగుడ్డ ఆన్చవచ్చు, ఫ్రిజ్‌లో పెట్టిన కృత్రిమ కన్నీటి చుక్క వేసుకోవచ్చు. పగలు అద్దాలు, రాత్రి ప్లాస్టిక్ కవచం అడ్డుగోడలుగా సాయపడతాయి. టిక్కులకు ఈ పద్ధతినే విస్తరించి వాడతారు.

ఓసీడీకి చేసే చికిత్స వేరు, అది భయాన్ని ఎదుర్కొని నిలబడటం. 1966లో విక్టర్ మేయర్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో, మురికి అన్న భయం కలిగించే దాన్ని తాకించి, కడగకుండా ఆ ఆందోళన దానంతటదే దిగిపోయేదాకా ఉండనిస్తారు. ఇక్కడ కంటి వైద్యుడూ మనస్తత్వ నిపుణుడూ ముందే మాట్లాడుకోవాలి. పుండున్న కంటి విషయంలో ‘కడగకుండా ఉండు’ అనేదానికి, ‘చేతులు శుభ్రంగా ఉంచుకో’ అనేదానికి హద్దు ఎక్కడో ఇద్దరూ ఒకే మాట చెప్పాలి. చుక్క వేసేముందు ఒక్కసారి, సబ్బుతో, ఇరవై సెకన్లు, అంతే అని కాగితం మీద రాసిస్తే రోగికి ఒడ్డు దొరుకుతుంది.

మందుల్లో ఫ్లువోక్సమిన్, సెర్‌ట్రలిన్, ఫ్లువోక్సెటిన్, వాటికి లొంగకపోతే క్లోమిప్రమిన్ వాడతారు. ఓసీడీలో ఇవి పూర్తిగా పనిచేయడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, మోతాదు కూడా దిగులు జబ్బుకన్నా ఎక్కువ కావాలి. ఈ ఒక్క సంగతి శస్త్రచికిత్స తేదీని నిర్ణయించాలి. తొందరలేని కార్నియా మార్పిడికి రోగిని ఎంచుకున్నప్పుడు, మూడు నెలల ముందే మనోవైద్యం మొదలుపెట్టి, చేయి నెమ్మదించాక కత్తి పట్టడం మంచిది. కన్ను చిల్లుపడితే ఆ వ్యవధి ఉండదు. అప్పుడు రెండూ ఒకేరోజు మొదలుకావాలి.

ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు ఈ రెండు రంగాల్లోనూ కనిపిస్తుంది. చుక్కలుగా వేస్తే కంటిలోని జిగురు తీగలను కరిగిస్తుంది. లోపలికి తీసుకుంటే వెంట్రుకలు పీకే పెద్దవారికి మేలు చేసిందని 2009లో ఒక చిన్న పరీక్ష చూపింది. పిల్లల మీద 2013లో జరిగిన పరీక్షలో మాత్రం ఆ ఫలితం రాలేదు.

కంటికి చేసే చికిత్స

కెరటోకోనస్ ముదరకుండా ఆపేది క్రాస్ లింకింగ్. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థియో జైలర్, గ్రెగర్ వోలెన్జాక్, ఎబర్‌హార్డ్ ష్పోర్ల్ రూపొందించి 2003లో రోగుల మీద తొలి ఫలితాలు ప్రకటించారు. పై పొర తీసి, అరగంట రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి, మరో అరగంట అతినీల లోహిత కాంతి ప్రసరింపజేస్తారు. కొలాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి కార్నియా గట్టిపడుతుంది. పై పొర తీశాక కనీసం 400 మైక్రాన్ల మందం ఉండాలన్నది మూల నియమం. నులిమే రోగిలో గండం తరువాతి నాలుగైదు రోజులది. పై పొర లేని కంటిని రుద్దితే బ్యాండేజి లెన్సు జారిపోతుంది, సూక్ష్మజీవులు చేరతాయి. కదలకుండా పడుకోలేనివారికి పూర్తి మత్తు ఇచ్చి, తక్కువ సమయంలో ముగిసే పద్ధతి ఎంచుకోవచ్చు. క్రాస్ లింకింగ్ అయిపోయింది కదా అని నులమడం కొనసాగిస్తే జబ్బు మళ్లీ కదులుతుంది. ఈ మాట డిశ్చార్జి కాగితంలో పెద్ద అక్షరాలతో ఉండాలి.

చూపు కోసం గట్టి గ్యాస్ పర్మియబుల్ లెన్సులు, తెల్లగుడ్డు మీద ఆని కార్నియాను తాకకుండా నిలిచే స్క్లెరల్ లెన్సులు ఉన్నాయి. స్క్లెరల్ లెన్సు ఉన్నంతసేపు కన్ను కాస్త రక్షణలో ఉంటుంది. తీసిన వెంటనే రుద్దుకోవాలన్న కోరిక బలంగా వస్తుంది కాబట్టి ఆ పది నిమిషాలకు ముందే ఒక పని పెట్టుకోవాలి. లెన్సును కుళాయి నీళ్లతో కడిగేవారికి అకాంతమీబా అనే మొండి క్రిమి పట్టుకునే ముప్పుంది. శుభ్రత భయం ఉన్నవారే ఈ పొరపాటు చేసే అవకాశం ఎక్కువ.

ఇవేవీ చాలనప్పుడు కార్నియా మార్పిడి. పూర్తి మందం మార్పిడిలో కార్నియాను గుండ్రంగా కోసి తీసి, కొత్తదాన్ని వెంట్రుకకంటే సన్నని 10-0 నైలాన్ దారంతో కుడతారు. ఆ గాయం ఎప్పటికీ పుట్టుబలం తిరిగి తెచ్చుకోదు. ఏళ్ల తరువాత కూడా ఒక గట్టి దెబ్బకు విడిపోవచ్చు. అందుకే నులిమేవారికి, రోగి సొంత లోపలి పొరను ఉంచి పైభాగాన్నే మార్చే డాల్క్ పద్ధతి మేలు. గాలిబుడగతో పొరలను విడదీసే ఉపాయాన్ని మొహమ్మద్ అన్వర్ 2002లో ప్రకటించాక ఇది విస్తృతమైంది. కన్ను పూర్తిగా తెరుచుకునే ప్రమాదం తక్కువ, లోపలి కణాల తిరస్కరణ ఉండదు కాబట్టి స్టెరాయిడ్ కూడా త్వరగా ఆపవచ్చు. హైడ్రాప్స్ వచ్చి లోపలి పొర చిట్లినవారికి మాత్రం ఈ పద్ధతి కష్టం. కుట్లు విడివిడిగా వేయడం, ముడులు లోపలికి పూడ్చడం, ఒక్క కుట్టు వదులైనా ఆ రోజే తీసేయడం, అవసరమైతే రెప్పలను కొంతకాలం కలిపి కుట్టడం, మోచేయి వంగకుండా మెత్తని తొడుగులు వాడటం శస్త్రచికిత్స పథకంలో భాగం. పిల్లలకు, సహకరించలేనివారికి కుట్ల పరీక్ష కూడా మత్తులోనే చేయాలి. అంటే ఒక మార్పిడి వెనక నాలుగైదు మత్తులు ఉండవచ్చని కుటుంబానికి ముందే చెప్పాలి.

ఈ శస్త్రచికిత్సల కోసం చూలైవాసులు ఎగ్మూరుకే కాక, 1978లో డాక్టర్ ఎస్.ఎస్. బద్రీనాథ్ స్థాపించిన నుంగంబాక్కంలోని శంకర నేత్రాలయకూ వెళ్లగలరు. హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన సంస్థ 1987లో తలుపులు తెరిచింది. దానికి స్థలం, కోటి రూపాయల విరాళం ఇచ్చింది మద్రాసు చిత్రసీమలో ఎదిగిన ఎల్.వి. ప్రసాద్ కుటుంబం. అక్కడి రామాయమ్మ నేత్రనిధి 1989 నుంచి పనిచేస్తోంది. మద్రాసులో సినిమాతో సంపాదించిన డబ్బు తెలుగువారికి కార్నియా వైద్యమై తిరిగి వచ్చింది.

ఒకదాని మందు మరొకదానికి

సెర్‌ట్రలిన్ జాతి మందులు కన్ను పొడిబారేట్టు చేయగలవు, కంటిపాపను విప్పుతాయి. కోణం ఇరుకుగా ఉన్నవారిలో ఒక్కసారిగా ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. క్లోమిప్రమిన్ కన్నీటిని మరింత తగ్గిస్తుంది. కన్ను పొడిబారితే గరగర, గరగరకు నులమడం. మనసు నెమ్మదించడానికి ఇచ్చిన మందే చేతిని కంటికి పంపకుండా, మొదటి రోజునుంచే నిల్వ రసాయనం లేని కన్నీటి చుక్కలు జతచేయాలి. మనోవైద్యంలో ఒక్కోసారి వాడే టోపిరమేట్ కొందరిలో రోజుల్లోనే కంటి ఒత్తిడి పెంచుతుంది. సైకోసిస్‌కు ఇచ్చే క్లోర్‌ప్రొమజిన్ ఎక్కువ మోతాదులో ఏళ్లతరబడి వాడితే కార్నియా వెనక, కటకం మీద ధూళిలాంటి రేణువులు పేరుకుంటాయి. ఇటువైపునుంచి, తిరస్కరణ ఆపడానికి నోటిద్వారా ఇచ్చే స్టెరాయిడ్లు నిద్రను చెడగొట్టి, మనసును కలవరపెడతాయి, కొందరిలో సైకోసిస్ రేపుతాయి. మనోవైద్యుడికి చెప్పకుండా వాటిని మొదలుపెట్టకూడదు.

కట్టివేయడం గురించి

చేతులు కట్టేస్తే పని తేలికని అనుకునే ఇళ్లూ ఉన్నాయి, వార్డులూ ఉన్నాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మానసిక ఆరోగ్య సంస్థల్లో శారీరక నిర్బంధాన్ని తక్షణ హానిని ఆపడానికి మరో దారి లేనప్పుడే, బాధ్యత గల మనోవైద్యుడి అనుమతితో, అవసరమైనంత సేపే వాడాలి, శిక్షగా వాడకూడదు. మోచేయి తొడుగులను కంటి వార్డులో వాడేవారు కూడా ఈ కొలతనే పెట్టుకోవాలి: ఎంతసేపు, ఎవరి కళ్లముందు, ఎప్పుడు విప్పాలి. ఈ చట్టమే మానసిక జబ్బులకు ఇతర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని కూడా చెప్పింది.

ఇంట్లో తిట్లు పనిచేయవు. ‘ఎన్నిసార్లు చెప్పాలిరా, చేతులు విరగ్గొడతా’ అన్న తల్లి భయం అర్థమవుతుంది. ఆ మాటతో పిల్లవాడు నులమడం మానడు, దాక్కుని నులుముతాడు. ‘నాన్నా, చేయి లేచింది చూడు, గుడ్డ తెచ్చివ్వనా?’ అన్న మాట ఎక్కువ దూరం వెళుతుంది. నులమని పూటలను కేలెండరు మీద గుర్తుపెట్టి మెచ్చుకోవడం చిన్నపిల్లల్లో బాగా పనిచేస్తుంది. తమిళనాడులో పుట్టిపెరిగిన తెలుగు పిల్లలు బడిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మనసులోని తహతహను ఏ భాషలో చెప్పగలరో ఆ భాషలో మాట్లాడే నిపుణుణ్ని వెతకడం మంచిది. అవ్వాతాతలకు ఇది మరీ అవసరం.

పిల్లల అద్దాల నంబరు తరచూ మారుతున్నా, కళ్లు రుద్దడం మందులతో ఆగకపోయినా కార్నియా టోపోగ్రఫీ చేయమని అడగండి. అదే వారం మనోవైద్య సలహా కూడా తీసుకోండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు.